తాళాల బోదిల్ మొదటి తప్పు కేకు

స్కీవ ఊళ్ళోని రొట్టెల కంపెనీ ఆఫీసులో బోదిల్ పేరు ఎత్తితే చాలు, ఎవరో ఒకరు గాలిలో తాళంచెవి తిప్పి నవ్వేవారు. ఆవిడ అసలు పేరు బోదిల్ క్విస్ట్‌గోర్. జనం పెట్టిన పేరు తాళాల బోదిల్. అలాగని ఆవిడ నడుముకి తాళాల గుత్తి వేలాడేదీ లేదు, బీరువాలు ఆవిడ అధీనంలో ఉండేవీ కావు. ఆవిడ తాళం వేసేది అంకెలకి.

ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డు పొడుగునా ఆ కంపెనీకి ఏడు బేకరీలున్నాయి. ఏటా ఆకులు రాలే రోజుల్లో ఆ బేకరీల ఏడుగురు పెద్దలూ వచ్చే ఏడాదికి పిండి ఎంత, వెన్న ఎంత, జీతాలెంత, అమ్మకమెంత అని రాసి పంపుతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం. అయినా దాని మీద వాళ్ళు వాదించుకుంటారు, అలుగుతారు, చివరికి ఓ మాట మీదికి వస్తారు. కంపెనీ బోర్డు సరేనంటుంది. అప్పుడు బోదిల్ తన ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ బడ్జెట్ వెర్షన్‌కి తాళం వేస్తుంది. ఇక ఏడాదంతా ఎవరెలా నడిచారో కొలిచేది దానితోనే.

"కొలబద్దే సాగుతూ ముడుచుకుంటూ ఉంటే గుడ్డ ఎంతుందో ఎలా తెలుస్తుంది?" అనేది ఆవిడ, తాళం తియ్యమని బతిమాలిన ప్రతివాడితోనూ.

ఆవిడ ఆల్చిప్పలు పట్టుకునే మనిషి కూతురు. పడవలో తండ్రి పక్కన కూర్చుని బుట్టలు లెక్కపెడుతూ పెరిగింది. పెళ్ళికి ముందే ఈ కంపెనీలో చేరి లారీల్లోకి రొట్టెలు ఎక్కించే చోట పనిచేసింది. సాయంత్రం బడిలో పద్దులు నేర్చుకుని పై అంతస్తుకి వచ్చింది. అప్పటి నుంచీ ఆ కుర్చీ ఆవిడదే. ఇంట్లోనూ అదే వరస. డిసెంబరు మొదట్లో పండగ విందుకి ఏమేం వండాలో ఒకసారి అనుకున్నాక, బాతు బదులు పంది మాంసం వండుదామని మొగుడు క్రెస్టెన్ నోరు తెరవడానికి వీల్లేదు. ఊరి బ్యాండులో ట్యూబా అనే పెద్ద బాకా ఊదే క్రెస్టెన్ మంచి ఊపిరి ఉన్నవాడు కనుక ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చాడు.

ఆవిడని అందరికన్నా ఎక్కువ విసిగించేది మోర్స్ దీవిలోని బేకరీ పెద్ద ఎవాల్డ్. తాళం పడిన వారం తిరక్కుండా అతని ఫోను వచ్చేది.

"బోదిల్ తల్లీ, వెన్న ధర పెరిగిందట. ఆ తలుపు కాస్త ఓరగా తీశావంటే నా అంకె లోపల పెట్టేసి నా దారిన నేను పోతాను."

"తాళం పడింది ఎవాల్డ్."

"ఓరగానే తియ్యమన్నానమ్మా! పిల్లి దూరేంత."

"పిల్లి దూరితే పాలు మిగలవు. ఫోను పెట్టెయ్."

పెట్టేసి ఇద్దరూ చెరో ఒడ్డునా నవ్వుకునేవారు.

ఆ ఆఫీసులో ఇంకో ఆచారం ఉంది. పనిలో ఎవరైనా పప్పులో కాలేస్తే, వాళ్ళు అందరికీ కేకు చేసుకురావాలి. దాని పేరే తప్పు కేకు. రొట్టెల కంపెనీ కదా, దుకాణంలోది పట్టుకొచ్చి చేతులు దులుపుకుంటామంటే కుదరదు. సొంత చేత్తో, సొంత ఇంట్లో చెయ్యాలి. కోసేముందు తను చేసిన తప్పేమిటో అందరిముందూ ఒక్క ముక్కలో చెప్పాలి. ఆ ముక్కలో 'కానీ' అన్న మాట రాకూడదు. వచ్చిందంటే మర్నాడు ఇంకో కేకు తేవాలి. డైరెక్టర్ ఆస్గర్ ఒక వేసవిలో వరసగా మూడు కేకులు తెచ్చాడు, ఆ 'కానీ' దగ్గరే నాలుక జారి.

బోదిల్ మాత్రం ఎన్నడూ తేలేదు. ఎవరు తెచ్చినా మూల ముక్క తీసుకుని, కాఫీతో ఆస్వాదిస్తూ తినేది. పక్క బల్ల దగ్గర పనిచేసే పడుచుపిల్ల సిగ్నె, "మీ కేకు తినకుండానే నేను ముసలిదాన్నయిపోతానేమో బోదిల్ గారూ," అని దెప్పేది. ఆవిడ మురిసిపోయేది. మనలో మన మాట, ఆ జాగ్రత్త వెనక ఇంకో కారణం ఉంది. బోదిల్‌కి కేకు చెయ్యడం రాదు. రొట్టెల కంపెనీలోనే పుట్టి పెరిగిందా అన్నట్టు ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి గుడ్డు గిలకొట్టడం చేతకాదంటే ఎంత నామర్దా! ఆ రహస్యం క్రెస్టెన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది మోర్స్ బేకరీకి ప్రాణసంకటమే వచ్చింది. అక్కడి ఓవెన్ పాతది. ఎడమ పక్క మాడ్చేస్తుంది, కుడి పక్క పచ్చిగా వదిలేస్తుంది, కాలుతుండగానే ట్రేలన్నీ తిప్పి పెట్టాలి. బోర్డు ఖరాఖండీగా ఒక మాట చెప్పింది. తాళం వేసిన బడ్జెట్ దాటకుండా మోర్స్ ఏడాది గడిపితే కొత్త ఓవెన్ అక్కడే పెడతాం. దాటితే ఆ బేకరీ మూసేసి, రొట్టెలు స్కీవలోనే కాలుస్తాం, అక్కడివాళ్ళు బస్సెక్కి వంతెన దాటి ఇక్కడికొచ్చి పనిచేసుకోవచ్చు. మోర్స్ వాళ్ళకి ఫియోర్డ్ దాటి రావడమంటే పొరుగు దేశం పోయినంత చిన్నతనం. అందుకని ఎవాల్డూ అతని మనుషులూ ఏడాదంతా పళ్ళు బిగించి పనిచేశారు. గిన్నెకంటిన పిండి కూడా గీకి రొట్టె చేశారు.

ఎవాల్డ్‌కి ఎప్పటినుంచో ఇంకో గొడవ ఉంది. అన్ని బేకరీలకీ పిండి మోసేది ఒకటే లారీ. దాని ఖర్చు దూరాన్ని బట్టి పంచేవారు. దూరంలో ఉన్న మోర్స్ మీద ఎక్కువ పడేది. "ఫియోర్డ్ అవతల పుట్టడం మా తప్పా? బస్తాల లెక్కన పంచండి," అని అతను మొత్తుకునేవాడు. బోదిల్‌కి అది న్యాయమనిపించింది. ఆస్గర్‌ని ఒప్పించింది. వచ్చే ఏడాది నుంచి బస్తాల లెక్కే అని తేలింది. ఆకులు రాలే కాలంలో కొత్త బడ్జెట్ సిద్ధం చేస్తూ, సాఫ్ట్‌వేర్‌లో ఆ పంపకం సూత్రాన్ని ఆవిడే తన చేత్తో మార్చింది. ఎవాల్డ్ ముఖం తలుచుకుని, మార్చేటప్పుడు ఈల కూడా వేసింది.

ఏడాది ముగిసింది. జనవరి చివర్లో లెక్కలన్నీ వచ్చి చేరాయి. మోర్స్ బేకరీ బడ్జెట్ దాటింది. దాటింది కొంచెమే. దాటడం దాటడమే.

ఆ కబురు వంతెన దాటి వెళ్ళింది. బోదిల్ రెండు రోజులు ఎవాల్డ్ ఫోను కోసం చూసింది. అరుస్తాడనుకుంది, తలుపు ఓరగా తియ్యమంటాడనుకుంది. ఫోను రాలేదు. సోమవారం పొద్దున్న కాఫీ వేళకి మనిషే వచ్చాడు, చేతిలో పెద్ద ట్రేతో. ట్రేలో గోధుమరంగు పంచదారా కొబ్బరీ పైన గుబురుగా పరిచిన కేకు ఉంది. ఎవరూ అడగలేదు. ఆ ఆచారం ఈ ఆఫీసుదే తప్ప బేకరీలది కాదు. అయినా చేసుకొచ్చాడు.

అందరూ కాఫీ గదిలో పోగయ్యారు. ఎవాల్డ్ కత్తి పట్టుకుని నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"లారీ ఖర్చు నేను సరిగ్గా చూసుకోలేదు, అందుకని మా వాళ్ళకి రావలసిన ఓవెన్ పోయింది."

అందులో 'కానీ' లేదు. అతను కేకు కోసి, మూల ముక్క ఏరి మరీ బోదిల్ పళ్ళెంలో పెట్టాడు.

సిగ్నె ఉండబట్టలేక, "ఎవాల్డ్ గారూ, ఒకవేళ బడ్జెట్టే తప్పేమో? చూడమని అడక్కపోయారా?" అంది.

"ఏం మాటమ్మా! ఫియోర్డ్ కదిలితే కదులుతుంది గానీ బోదిల్ వేసిన తాళం కదలదు," అన్నాడు ఎవాల్డ్. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "ఒక్కటే అంతుపట్టడం లేదు. అదే లారీ. అదే రోడ్డు. నడిపేవాడూ ఆ ప్రేబెన్ గాడే. ఖర్చు ఒక్క ఓరె నాణెమంత కూడా పెరగలేదు. మరి ఎక్కడ ఒలికిపోయిందో," అన్నాడు.

బోదిల్ నోట్లో కొబ్బరి అలాగే ఉండిపోయింది. లారీ ఖర్చు పెరగలేదన్నాడు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చెయ్యి తనంతట తనే పళ్ళేన్ని బల్ల మీద పెట్టేసింది. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా తన గదికి నడిచింది. సిగ్నె వెనకాలే వచ్చింది.

తాళం వేసిన వెర్షన్ తెరిచింది. పక్కన ఎర్రటి తాళం బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది. మోర్స్ వరసలో లారీ ఖర్చు చూసింది. చాలా తక్కువ ఉంది. బస్తాల లెక్కన పంచితే ఎంతవుతుందో అంత.

జరిగింది ఇదీ. మనుషులు చేత్తో కొట్టిన అంకెలన్నిటికీ తాళం పడింది. లారీ వాటా ఎవరూ చేత్తో కొట్టేది కాదు. తెరిచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఆ సూత్రం చూసి అప్పటికప్పుడు లెక్క కట్టి చూపిస్తుంది. ఆ సూత్రం ఒకే చోట ఉంటుంది, పాత బడ్జెట్టూ కొత్త బడ్జెట్టూ దాన్నే వాడుకుంటాయి. ఇంటికి తాళం పడింది, బావి మాత్రం వీధిలో ఉండిపోయింది. వచ్చే ఏడాది కోసం ఆవిడ సూత్రం మార్చగానే, తాళం లోపలున్న బడ్జెట్ కూడా మారి కూర్చుంది. మోర్స్‌కి ఇచ్చిన లారీ డబ్బు కాగితం మీద తగ్గింది. నిజంగా పడిన ఖర్చేమో పాత లెక్క ప్రకారమే వచ్చింది. ఎవాల్డ్‌కి మేలు చేద్దామని పెట్టిన చెయ్యే అతని ఓవెన్‌ని లాగేసింది.

"కంచే చేను మేసిందే పిల్లా," అంది బోదిల్.

సిగ్నె తలుపు దగ్గరగా వేసింది. "బోదిల్ గారూ, పాత వెర్షన్‌కి పాత సూత్రం పెట్టేయండి. ఎంతసేపు పని? బోర్డుకి కాగితాలు ఇంకా వెళ్ళలేదు. లెక్కలో పొరపాటు దొరికింది, సరిచేశామంటే సరిపోతుంది. ఎవరు చేశారని అడిగేదెవరు?"

ఆ మాట బోదిల్‌కి తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు. ఒక్క తప్పూ లేని పేరు అది, ఇన్నేళ్ళ పేరు. పైగా కాపలాదారే తాళం జారిందని చెబితే, రేపటి నుంచి ఏ తాళాన్ని ఎవరు నమ్ముతారు?

అంతలో కాఫీ గదిలోంచి ఎవాల్డ్ గొంతు వినిపించింది. ప్రేబెన్ లారీని ఆవుల మందలో ఇరికించిన కథ చెప్పి అందరినీ నవ్విస్తున్నాడు. తనూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని బోదిల్‌కి ఏడుపొచ్చింది.

"నా తప్పుకి వాడు కేకు చేసుకొచ్చాడే," అంది. "గుడ్లు వాడివి, వెన్న వాడిది, పడిన సిగ్గు కూడా వాడిదే. దాన్ని నేను గుట్టుగా తుడిచేస్తే ఇంక నేను మనిషినేనా?"

"అయితే ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం పదండి!"

"ఉండు. ముందు అంతా రూఢి కావాలి. బోర్డు ఒప్పుకోకముందే వాడికి ఆశ పెట్టి, మళ్ళీ లాక్కోవలసి వస్తే అంతకన్నా పాపం ఉంటుందా?"

ఎవాల్డ్ ఖాళీ ట్రే పట్టుకుని దీవికి వెళ్ళిపోయాడు. బోదిల్ పనిలో పడింది. ఏ వెర్షన్ సూత్రం ఆ వెర్షన్‌లోనే ఉండేటట్టు, తాళం పడితే అంకెలతోపాటు దానికీ పడేటట్టు మార్చింది. అంకెలు కదిలి, బోర్డు ఆమోదించిన చోటికి వచ్చి నిలబడ్డాయి. మోర్స్ బడ్జెట్ దాటలేదు. కొంత మిగిల్చింది కూడా! ఈ ఏడాది మేమే మొనగాళ్ళమని తొడగొట్టుకున్న స్కీవ బేకరీ మాత్రం ఓ మెట్టు దిగింది. వాళ్ళ గొప్పంతా లారీ చలవే. తర్వాత పాత ఏళ్ళ వెర్షన్లు కూడా ఒక్కొక్కటే తెరిచి, సూత్రాలన్నీ సరిచేసి, అప్పట్లో బోర్డు ఒప్పుకున్న మొత్తాలతో పోల్చి చూసింది.

అప్పుడు ఆస్గర్ గదికి వెళ్ళి నిలబడి అంతా చెప్పింది. అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది కనిపెట్టిందెవరు?"

"నేనే."

"చేసిందెవరు?"

"అదీ నేనే."

ఆస్గర్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "బోర్డు ఊరుకోదు బోదిల్. ఇది కదిలితే ఇంకెన్ని కదిలాయో అంటారు."

"అడగాలి మరి. అడక్కపోతేనే తప్పు. అన్నీ చూసే వచ్చాను. రేపటి నుంచి తాళం వేసిన రోజున్న మొత్తాన్నీ ఆ పూట కనిపించే మొత్తాన్నీ సాఫ్ట్‌వేర్ రోజూ పోల్చి చూస్తుంది. ఒక్క ఓరె తేడా వచ్చినా ఏడు బేకరీల పెద్దలకీ కబురు వెళుతుంది. నాకొక్కదానికే కాదు. కాపలాదారు మీద కూడా ఓ కన్నుండాలి."

ఆస్గర్ ఆవిడ ముందే బోర్డు అధ్యక్షురాలికి ఫోను చేశాడు. అధ్యక్షురాలు చాలాసేపు ప్రశ్నలడిగింది, బోదిల్ చేత చెప్పించుకుంది, కాగితాలు తెప్పించుకుని చూస్తానంది. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే, ఓవెన్ మోర్స్‌కి.

ఇక మిగిలింది కేకు. ఆ సాయంత్రం బోదిల్ వంటగదిలో తుఫాను రేగింది. పిండి నేల మీద, గుడ్డు పెంకు గిన్నెలో. క్రెస్టెన్ గుమ్మంలో నిలబడి, "సొన గట్టిపడేదాకా గిలకొట్టమని ఉంది పుస్తకంలో," అన్నాడు.

"గిలకొడుతున్నాను కదండీ!"

"నువ్వు దాన్ని బెదిరిస్తున్నావు."

కేకు ఓవెన్‌లో బాగానే పొంగింది. బయటికి తియ్యగానే నడుం పడిపోయినట్టు మధ్యలో కుంగింది. క్రెస్టెన్ గంభీరంగా వెళ్ళి ట్యూబా తెచ్చి, శవయాత్రలో వాయించేది ఓ చరణం ఊదాడు. బోదిల్‌కి నవ్వాగక వంటింటి నేల మీదే కూర్చుండిపోయింది.

"ఇంకోటి చేద్దామా?" అన్నాడు అతను.

"వద్దు. తప్పు కేకుకి మెరుగులేమిటి! ఎలా ఉంటే అలాగే తీసుకెళతాను."

కేకుని ఆఫీసులో కొయ్యనంది. "దెబ్బ తగిలిన చోట కదా మందు రాయాలి," అంది. అందుకని మర్నాడు ఆస్గర్ కారు నడుపుతుంటే, సిగ్నె కేకు ఒళ్ళో పెట్టుకుంటే, ముగ్గురూ వంతెన దాటారు.

మోర్స్ బేకరీలో ఉపవాసాల ముందు వచ్చే పండగ బన్నుల రద్దీ. మీగడ నింపుతున్న చేతులు డైరెక్టర్ని చూడగానే ఆగిపోయాయి. మూసేస్తున్నామని చెప్పడానికే వచ్చాడనుకున్నారు పాపం. గ్రేటె అనే పెద్దావిడ కుళాయి కింద చేతులు కడుగుతూనే ఉంది, ఇటు తిరగలేదు. ఎవాల్డ్ ఒక్కడే ముందుకొచ్చాడు.

"కానివ్వండి, చెప్పేయండి," అన్నాడు.

బోదిల్ కేకు బల్ల మీద పెట్టింది. కత్తి చేతిలోకి తీసుకుంది.

"తాళం వేసిన మీ బడ్జెట్‌ని నేను కదిలించాను, మీరు గెలిచిన ఏడాదిని ఓడిపోయినట్టు చూపించాను."

ఎవరికీ వెంటనే ఎక్కలేదు. ఎవాల్డ్ ఆవిడ వంకా, కేకు వంకా, మళ్ళీ ఆవిడ వంకా చూశాడు.

"మేం దాటలేదా?"

"దాటలేదు. మిగిల్చారు."

ఎవాల్డ్ వెనక్కి అడుగేసి పిండి బస్తా మీద కూలబడ్డాడు. ఆస్గర్, "కొత్త ఓవెన్ ఇక్కడికే వస్తోంది," అన్నాడో లేదో, ఎవరో ట్రే తీసి బల్లకేసి బాదారు. ఇక అందరూ బాదారు. గ్రేటె తడి చేతులతోనే వచ్చి బోదిల్‌ని వాటేసుకుంది. తిట్టడానికి వచ్చిందో ముద్దు పెట్టుకోవడానికి వచ్చిందో ఆవిడకే తెలియలేదు. రెండూ చేసింది. ఒకడు మీగడ గరిటె గాల్లోకి విసిరితే అది సిగ్నె జుట్టు మీద పడింది. ఆ పిల్ల అది తుడుచుకుని నాకేసింది.

ఎవాల్డ్ మాత్రం బస్తా మీంచి లేవలేదు. ఏడుస్తున్నాడు. దాచుకోలేదు కూడా. బోదిల్ వెళ్ళి పక్క బస్తా మీద కూర్చుంది.

"ఎందుకయ్యా అడక్కుండా ఊరుకున్నావు? ఏటా పిల్లి దూరేంత సందు ఇమ్మని చంపుతావు కదా. ఈసారి ఒక్క ఫోను చేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు వేసిన తాళం కదా," అన్నాడు ఎవాల్డ్. "నా చేతులు తప్పలేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నీ అంకెనే నమ్మాను."

"ఇక మీదట అంత నమ్మకు. నీ చేతులు కాదంటే నాకు ఫోను చెయ్యి. నేను విసుక్కున్నా చెయ్యి."

"పెట్టేస్తే?"

"మళ్ళీ చెయ్యి."

అతను ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చినట్టు, "అయితే నా కేకు మాటేమిటి? ఊరికే తినేశారన్న మాట!" అన్నాడు.

"నేను తినలేదు, మూల ముక్క పళ్ళెంలోనే వదిలేశాను. గొంతు దిగలేదు."

బోదిల్ లేచి తన కేకు కోసింది. అంచు గట్టిగా ఉండి కత్తికి ఎదురు తిరిగింది, మధ్యలో జావలా జారింది. పళ్ళెం ఎవాల్డ్ చేతిలో పెట్టింది. ఆ చుట్టుపక్కల కేకుల్లో అతన్ని మించినవాడు లేడు. కుర్రవాళ్ళు చేసినవాటిలో చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది చెత్తలో పారేసే మనిషి. ట్రేలు బాదేవాళ్ళు ఆపి అతని ముఖమే చూస్తున్నారు. అతను తొందరపడకుండా నమిలాడు. పెంకు ముక్క పంటికింద పడితే వేలితో తీసి పళ్ళెం అంచున పెట్టాడు. మళ్ళీ నమిలాడు. ఆఖరి పలుకు దాకా తిన్నాడు.

"అధ్వానంగా ఉంది బోదిల్," అన్నాడు.

"తెలుసు."

ఎవాల్డ్ ఖాళీ పళ్ళెం ఆవిడ ముందుకి చాపాడు.

"ఇంకో ముక్క పెట్టు."